వాడు ‘వద్దు’ అన్నప్పుడు

మూడేళ్ల క్రితం సంక్రాంతికి ముందు కొత్త బట్టల కొలతల కోసం దర్జీ మా ఇంటికి వచ్చినప్పుడు మా అబ్బాయికి 11 ఏళ్లు. వాడికి మేధో వైకల్యం ఉంది. ఎంత శాతమో సదరం ధ్రువపత్రంలో రాసి ఉంది గాని, ఇక్కడ చెప్పవలసింది వేరే. వాడికి వచ్చిన మాటలు అప్పటికి నలభై దాటవు, చెప్పినది అర్థం చేసుకోవడానికి కొంత సమయం పడుతుంది, నచ్చనిది జరిగితే ఎలా చెప్పాలో తెలియదు. దర్జీ టేపు తీసి ‘చొక్కా తియ్యి బాబూ’ అన్నాడు. వాడు చొక్కా తీశాడు, ఆ తరువాత ఎవరూ అడగకుండానే నిక్కరు కూడా విప్పేసి, వసారాలో అందరి ఎదుటా చేతులు చాపి నిలబడ్డాడు. మా అత్తయ్యగారు మురిసిపోయి ‘నా బంగారు తండ్రి, ఎంత చెబితే అంతే’ అన్నారు. ఆ క్షణంలో నాకు కూడా ముచ్చటగానే ఉంది.

ఆ వారం మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వాడిని తీసుకువెళ్లినప్పుడు, అక్కడి టీచరుగారితో ఈ సంగతి సంతోషంగానే చెప్పాను. ఆమె నవ్వలేదు. ‘ఎవరు విప్పమన్నా విప్పుతాడా అమ్మా?’ అని మాత్రం అడిగారు. ‘ఆయ్, ఎవరు చెప్పినా వింటాడండి’ అన్నాను. ఆ జవాబు నా నోటి నుంచి వచ్చాకే దాని అర్థం నాకు తెలిసింది.

ఇటువంటి పిల్లలున్న ఇళ్లలో పెంపకమంతా చెప్పినట్టు వినడం అనే ఒక్కదాని చుట్టూ తిరుగుతుంది. కూర్చోమంటే కూర్చోవాలి, నోరు తెరవమంటే తెరవాలి, చెయ్యి ఇవ్వమంటే ఇవ్వాలి. ఆసుపత్రిలో, బడిలో, గుడిలో, పెళ్లిళ్లలో మన పిల్లవాడు గొడవ చేయకుండా ఉంటే చాలునని కోరుకుంటాము, ఎందుకంటే ఒకసారి గొడవ చేసిన పిల్లవాడిని రెండోసారి రానివ్వరన్న భయం మనకు ఎప్పుడూ ఉంటుంది. ఆ భయం ఉత్తది కాదని నాకు అనుభవమే. అయితే పదేళ్ల పాటు ప్రతి పెద్దమనిషి మాటకూ తల ఊపడం నేర్పి, ఒక్క దుర్మార్గుడి మాటకు మాత్రం తల అడ్డంగా ఊపాలని ఆ పిల్లవాడు తనంతట తానే తెలుసుకోవాలనడం అన్యాయం. వాడి ‘వద్దు’ను మేమే, ప్రేమతోనే, రోజుకు ఇరవైసార్లు తుడిచివేస్తూ వచ్చాము. ఈ మూడేళ్లలో మేము చేసిన పని ఆ మాటను తిరిగి వాడికి ఇవ్వడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన ఒక పరిశీలన 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఆ పరిశీలనలో, వైకల్యం ఉన్న పిల్లలు ఏదో ఒక రకమైన హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువని, మానసిక లేదా మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో లైంగిక హింసకు గురయ్యే అవకాశం 4.6 రెట్లు ఎక్కువని తేలింది. ఇక మన దేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురించే లెక్కలు చూస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసులలో 90 శాతానికి పైగా నిందితులు ఆ పిల్లలకు ముందే తెలిసినవారు. ముక్కూ మొహం తెలియని వారితో మాట్లాడవద్దు, వారిచ్చినది తినవద్దు అని నేర్పడంతోనే మన జాగ్రత్త ముగిసిపోతే, పెరటి గుమ్మం బార్లా తెరిచి వీధి గుమ్మానికి గడియ పెట్టినట్టే అవుతుంది.

మా డెల్టా ఊళ్లలో ఇది మరింత చిక్కు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. పాలు పోసేవాడు బాబాయి, కొబ్బరి దింపుకు వచ్చేవారు మావయ్యలు, రాశి దగ్గర కాయలు ఒలిచే ముసలాయన తాతయ్య, రేవులో పంటు నడిపే మనిషి పెదనాన్న. ఈ ఆప్యాయత పోవాలని నేను ఎన్నటికీ కోరుకోను. కాని మాటను ఉన్నదున్నట్టుగా అర్థం చేసుకునే పిల్లవాడికి నాన్న తమ్ముడైన బాబాయి, పాలు పోసే బాబాయి ఒక్కటే. పగలంతా వాకిళ్లు తెరిచే ఉంటాయి, కాలువ గట్టున పోయేవారు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళతారు, పిల్లలకు స్నానాలు నూతి పళ్లెంలో ఆరుబయటే జరుగుతాయి. పైగా కోనసీమలో ఎన్నో ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తూ డబ్బు పంపుతుంటే, పిల్లలు అమ్మమ్మ దగ్గర, ఆమెకు ఒంట్లో బాగుండని రోజున పక్కింటివారి దగ్గర పెరుగుతారు. ఆ తల్లులను నేను ఒక్క మాట కూడా అనను. కాని తన పనులు తాను చేసుకోలేని పిల్లవాడు అటువంటి ఇంట్లో ఉంటే, వాడి ఒంటి మీద రోజుకు ఎన్ని చేతులు పడతాయో, అవి ఎవరివో, ఎవరూ లెక్క పెట్టడం లేదు.

మేము స్నానంతో మొదలుపెట్టాము, ఎందుకంటే వాడి ఒంటిని ఇతరులు తాకేది ఎక్కువగా అక్కడే. అంతవరకు ఎవరికి తీరిక ఉంటే వారు నాలుగు చెంబులు పోసేవారు. ఇకమీదట నేను, వాడి నాన్న, అత్తయ్యగారు, ఈ ముగ్గురమే స్నానం చేయించాలని, అదీ స్నానాలగదిలో తలుపు దగ్గరగా వేసి చేయించాలని నిర్ణయించుకున్నాము. ప్రతిసారీ ముందు అడగాలి: ‘ఇప్పుడు వీపు రుద్దుతాను, సరేనా?’ వాడు తల ఊపేదాకా ఆగాలి. వాడు చేసుకోగల పని మేము చేయకూడదు. అత్తయ్యగారికి ఇది కష్టంగా తోచింది. ‘నా చేతుల్లో పెరిగిన పిల్లాడిని అడిగి ముట్టుకోవాలా అమ్మాయ్?’ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. తరువాత ఇంటికి వచ్చిన టీచరుగారే చెప్పారు: ‘మీరందరూ అడిగి ముట్టుకుంటేనండి, అడగకుండా చెయ్యి వేసినవాడు వాడికి తేడాగా తెలుస్తాడు.’ అత్తయ్యగారు ఆ తరువాత ఒక్కసారి కూడా అడగడం మానలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి నడుము కింది భాగాలను వాడే సబ్బుతో శుభ్రం చేసుకోవడం నేర్చుకున్నాడు. మరొకరు తాకవలసిన అవసరం తగ్గిన మేరకు, తాకడానికి సాకు కూడా తగ్గింది.

ఆ భాగాలను ఏమని పిలవాలన్నది మేము ఎదురుచూడని చిక్కు. పాఠ్యపుస్తకంలోని సంస్కృత పదానికి వాడి నోరు తిరగదు, వీధిలో వినిపించే మాట బూతు, ఇంట్లో పసితనం నుంచి వాడుతున్న ముద్దు మాట మా గుమ్మం దాటితే ఎవరికీ అర్థం కాదు. చాలా ఇళ్లలో అసలు మాటే ఉండదు, ‘అక్కడ’ అని ఊరుకుంటారు. పేరు లేని చోట జరిగిన దానిని పిల్లవాడు ఏమని చెబుతాడు? మేము ఇంటి మాటనే ఉంచి, దానిని టీచరుగారి పుస్తకంలో రాయించాము, దానితో పాటు మగపిల్లవాడి బొమ్మ ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి గీయించిన అట్టను వాడి సంచిలో పెట్టాము. మాట రాకపోయినా వేలితో చూపగలడు. ఇటువంటి పిల్లలు వాడే బొమ్మల పుస్తకాలలో అన్నం, నీళ్లు, బంతి, బస్సు అన్నీ ఉంటాయి గాని ఒంటి భాగాలు ఉండవు, ‘నొప్పి’, ‘భయం’, ‘ఆపు’ అనేవి కూడా చాలావాటిలో ఉండవు. మీ ఇంట్లో అటువంటి పుస్తకం ఉంటే ముందుగా ఈ బొమ్మలు చేర్చండి.

మనుషుల తేడా చెప్పడానికి వసారాలో సుద్దముక్కతో ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వలయాలు గీశాము. మధ్యలో వాడి ఫొటో. మొదటి వలయంలో మేము ముగ్గురం, వాడిని కౌగిలించుకోవచ్చు, స్నానం చేయించవచ్చు. రెండో వలయంలో అత్తలు, బాబాయిలు, వారి పిల్లలు, చెయ్యి పట్టుకోవచ్చు, భుజం తట్టవచ్చు. మూడో వలయంలో టీచరు, ఆటో అతను, పాలు పోసే ఆయన, దింపు మావయ్యలు, వీరికి నమస్కారం. బయటి వలయం మిగిలిన లోకం. తాకకుండానే గౌరవం చూపే పద్ధతి మన దగ్గర తరతరాలుగా ఉండటం ఇక్కడ ఎంతో కలిసివచ్చింది. ‘మావయ్యకు ముద్దు పెట్టరా’ అని పిల్లలను ముందుకు తోసే అలవాటును మానిపించడానికి ‘దండం పెట్టు నాన్నా’ అన్న మాట చాలు, ఎవరికీ కోపం రాదు. అయినా ఒకరికి వచ్చింది. తన ఫొటో రెండో వలయంలో ఎందుకుందని దగ్గరి బంధువు ఒకరు నొచ్చుకుని, కొన్నాళ్లు మా గుమ్మం తొక్కలేదు. వైద్యుడిని ఎక్కడ పెట్టాలన్నది కూడా పెద్ద ప్రశ్నే అయింది. చివరికి ఆయనను మూడో వలయంలోనే ఉంచి, అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడు మాత్రమే చొక్కా ఎత్తి చూడవచ్చునని నేర్పాము.

ఇక అసలు పని ‘వద్దు’. వాడు మాట్లాడే నలభై మాటలలో అది ఉంది గాని, దానికి ఏ ఫలితమూ రాకపోవడంతో ఎప్పుడో వాడటం మానివేశాడు. సొరకాయ కూర ముద్ద తోసివేస్తే బుజ్జగించి నోట్లో పెట్టేవాళ్లం, జుట్టు దువ్వవద్దని తల తిప్పితే గడ్డం పట్టుకుని దువ్వేవాళ్లం. వాడి ‘వద్దు’ మాకు వినబడేటట్టు చేయడానికి ముందుగా కంచాన్ని పక్కకు జరపడం నేర్చుకోవలసి వచ్చింది. మందు కూడా వద్దంటాడేమోనన్న అత్తయ్యగారి సందేహం సరైనదే. అందువల్ల మందులు, కాలువ గట్టున చెయ్యి వదలకపోవడం, రోడ్డు దాటడం, ఈ మూడింటిలో ‘వద్దు’ చెల్లదని, మిగిలిన వాటన్నిటిలో చెల్లుతుందని పెట్టుకున్నాము. మందు విషయంలో కూడా ముందు నీళ్లా, ముందు మాత్రా అని వాడినే అడుగుతాము.

ఆ తరువాత ఆటలాగా సాధన. వాడి నాన్న ‘చొక్కా విప్పు’ అంటాడు, వాడు అరచెయ్యి అడ్డం పెట్టి ‘వద్దు’ అనాలి, అక్కడి నుంచి కదలాలి, నా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకోవాలి. ఈ మూడూ కలిస్తేనే ఒకటి. వసారాలో వచ్చినది పెరట్లో రాలేదు, నాన్నతో వచ్చినది చిన్నాన్నతో రాలేదు. ఇటువంటి పిల్లలు ఒకచోట నేర్చినది మరొకచోట వాడుకోవాలంటే అక్కడ మళ్లీ నేర్పవలసిందేనని టీచరుగారు ముందే చెప్పారు. అందుకని కొబ్బరితోటలో, మేనత్తగారి ఊళ్లో, భవిత కేంద్రం వరండాలో, అంతర్వేది తీర్థానికి వెళ్లిన రోజున సత్రంలో కూడా చేయించాము. ఒక దసరాకు మొదలుపెడితే ఉగాదికి పట్టుబడింది. మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ అన్న మాటలు మేము వాడలేదు. చెడు ఉద్దేశంతో తాకే చెయ్యి కూడా మెత్తగా, హాయిగా ఉండవచ్చు, దానిని ‘చెడ్డ’దని ఆ పిల్లవాడు ఎలా పోల్చుకుంటాడు? చెడ్డీ కప్పే చోటును శుభ్రం చేయడానికో, జబ్బు చూడడానికో తప్ప ఎవరూ తాకకూడదు, ఎవరిదీ వాడు తాకకూడదు అన్న నియమమే వాడికి అందింది.

రహస్యాల సంగతి మా ఇంట్లోనే దిద్దుకోవలసి వచ్చింది. పన్ను పుచ్చిందని నేను తీపి మాన్పించిన రోజుల్లో, అత్తయ్యగారు తాపేశ్వరం కాజా ఒకటి వాడి చేతిలో పెట్టి ‘అమ్మకు చెప్పకురా’ అనేవారు. అది ప్రేమే. కాని తీపి ఇచ్చి, చెప్పవద్దనడం ఎవరెవరు ఎందుకు చేస్తారో తెలిశాక, ఆమే ఆ మాటను మానివేశారు. ఇప్పుడు ‘అమ్మకు చెప్పకు’ అని ఎవరి నోట విన్నా వెంటనే అమ్మ దగ్గరకు రావాలని వాడికి నేర్పాము.

రెండో ఏడు వర్షాకాలంలో వాడు బడి ఆటో ఎక్కనని మొండికేశాడు. మొదటి రోజు ఉరుములకు భయపడుతున్నాడనుకున్నాము. రెండో రోజు, మూడో రోజు కూడా వాడి నాన్న ఎత్తుకుని కూర్చోబెట్టారు. రాత్రి పక్క తడపడం మళ్లీ మొదలైంది, చెయ్యి కొరుక్కోవడం మొదలైంది, స్నానానికి నిక్కరు తీయనివ్వలేదు. చూసినవారందరూ ‘వాడి జబ్బే అంత’ అన్నారు, నేను కూడా సగం నమ్మాను. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే: వేరే పిల్లవాడిలో కనిపిస్తే కంగారుపడే మార్పును వీరిలో వైకల్యం ఖాతాలో వేసి ఊరుకుంటాము. నాలుగో రోజు ఉదయం వాడు గేటు దగ్గర నేల మీద పడుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి ‘వద్దు’ అన్నాడు. ఆ చెయ్యిని చూసి నేను ఆటోను పంపించివేశాను.

లోపలికి తీసుకువెళ్లి ‘ఏమైంది నాన్నా?’ అని మాత్రమే అడిగాను. ఫలానావారు ఇలా చేశారా అని అడగవద్దని, మన నోటి నుంచి వచ్చిన పేరుకు ఈ పిల్లలు తల ఊపేస్తారని, దానివల్ల నిజం కూడా చెడిపోతుందని టీచరుగారు ఎప్పుడో చెప్పి ఉన్నారు. వాడు సంచిలోని అట్ట తీసి వేలు పెట్టి చూపించాడు, ఒక వరస పేరు చెప్పాడు. ఆటోలో రోజూ వెంట వచ్చే ఒక మనిషి పేరు అది. ఏమి జరిగిందో ఇక్కడ రాయను. వాడి మాటలను వాడన్నట్టుగానే, తేదీ, సమయం వేసి కాగితం మీద రాసుకున్నాను, ఆ రోజు బట్టలు ఉతకలేదు, 1098కి ఫోను చేశాను. అది పిల్లల కోసం రాత్రింబగళ్లు పనిచేసే ఉచిత నంబరు. అత్యవసరమైతే 112 కూడా ఉంది.

బంధువులు వెంటనే వచ్చారు. మగపిల్లాడే కదా, వాడికేం తెలుస్తుంది, ఊళ్లో పరువు పోతుంది, పెద్దల సమక్షంలో మాట్లాడుకుందాం అన్నారు. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. ఇటువంటి నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని అందులోని 19వ సెక్షను అంటుంది, చెప్పకపోవడమే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడగల నేరం. ఆ మాట వాడి నాన్న నెమ్మదిగా చెప్పాక రాజీ మాట ఎత్తినవారు మళ్లీ ఎత్తలేదు. పిల్లవాడి వైకల్యాన్ని ఆసరాగా తీసుకుని చేసిన నేరాన్ని చట్టం మరింత తీవ్రమైనదిగా చూస్తుంది. లైంగిక ఉద్దేశంతో తాకినందుకు మామూలుగా 3 నుంచి 5 ఏళ్ల శిక్ష అయితే, ఇటువంటి సందర్భంలో అది 5 నుంచి 7 ఏళ్లు.

వాంగ్మూలం మా ఇంట్లోనే జరిగింది. మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా చీరలో వచ్చి వాడితో పాటు వసారాలో చాప మీద కూర్చున్నారు. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం గాని, ఆ పిల్లల మాట తీరు తెలిసినవారి సాయం గాని తీసుకోవచ్చునని 26వ సెక్షను చెబుతుంది. అందుకని టీచరుగారు పక్కన ఉన్నారు, వీడియో కూడా తీశారు. ఇవి ఎవరో దయతలచి చేసే ఏర్పాట్లు కావు, చట్టంలో ఉన్నవి, అడిగి చేయించుకోవలసినవి. వాడి సాక్ష్యం కోర్టులో నిలబడుతుందా అని ఎందరో అడిగారు. వైకల్యం ఉన్న వ్యక్తి లోకంతో వేరే తీరులో వ్యవహరించినంత మాత్రాన వారి సాక్ష్యం తక్కువది కాదని 2021లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి, వాడి గుర్తింపు బయటపడకూడదు కాబట్టి, ఊరి పేరు చెప్పడం లేదు, కొన్ని వివరాలు మార్చాను.

ఆ మూడు రోజులు వాడిని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టిన సంగతి వాడి నాన్న ఇప్పటికీ తలుచుకుంటారు. వాడు మేము నేర్పినట్టే చెప్పాడు, మేమే మూడు రోజులు ఆలస్యంగా విన్నాము.

ఇప్పుడు వాడికి 14 ఏళ్లు, మీసాలు వస్తున్నాయి. మానసిక వయసు ఎంతైనా పుట్టిన తేదీ ప్రకారమే పోక్సో చట్టంలో వయసును లెక్కించాలని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది కనుక, 18 నిండిన నాటి నుంచి వాడికి ఆ చట్టం నీడ ఉండదు. అప్పటికి, మేధో వైకల్యం వంటివి ఉన్నవారి కోసం చేసిన నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకులుగా మా పేర్లు నమోదు చేయించుకోవాలి. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. నాలుగేళ్ల గడువు ఉంది గాని, ఆలోగా వాడు నేర్చుకోవలసినది చాలా ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడే చేయదగిన పనులు ఏవి, అవి ఏ గదిలో, తలుపు వేసి ఎందుకు చేయాలి అన్నది ఈ వయసులో చెప్పకపోతే, రేపు వాడినే తప్పుపట్టే మనుషులు ఉంటారు. తిట్టకుండా, సిగ్గుపడకుండా వాడి నాన్న అది చెబుతున్నారు.

ఈ నెలలో స్నానాలగది తలుపుకు లోపలి గడియ పెట్టుకోవడం నేర్పుతున్నాము. లోపల పడిపోతే ఎలాగని నేను భయపడితే, వడ్రంగి ఆ గడియను బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీయగలిగేటట్టు అమర్చాడు. నిన్న ఉదయం వాడు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లి, నా వైపు చూసి ‘వద్దు’ అని, తలుపు మూసి తనంతట తానే గడియ పెట్టుకున్నాడు. నేను రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని, నీళ్ల చప్పుడు వింటూ బయటే నిలబడ్డాను.